లక్ష్మివారం బిల్లు

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో గొప్పవాడంటే బుల్లెట్టు బండి ఉన్నవాడు. కాస్త గొప్పవాడంటే టచ్ ఫోను ఉన్నవాడు. ఈ రెండూ లేకుండా గొప్పవాణ్ణయిపోయింది మాత్రం నేనొక్కణ్ణే. (ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకునేరు. నా నెత్తిన తెల్లవెంట్రుకలు ఇప్పుడిప్పుడే తొంగిచూస్తున్నాయి, అంతే.) నా గొప్పతనమంతా చొక్కా జేబులో ఉండేది. నీలం రంగు ప్లాస్టిక్ ముక్క, దాని మీద ఉబ్బెత్తు అక్షరాల్లో నా పేరు. క్రెడిట్ కార్డు! అది పదిమందికీ కనబడాలని ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా పలచటి తెల్లచొక్కాలే వేసుకు తిరిగేవాణ్ణి. ఇప్పటి పిల్లలు ఫోను ఊపి టీ తాగేసి వెళ్ళిపోతుంటే వాళ్ళని చూసి జాలేస్తుంది. జేబులోంచి కార్డు తీసి, అవతలివాడు కళ్ళప్పగించి చూసేదాకా ఆగి, అప్పుడు అందించడంలో ఉన్న సుఖం వాళ్ళకేం తెలుసు?

మాది నాతవరం వైపు పల్లె. డిగ్రీ చదువు కోసం నర్సీపట్నంలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవిడకి ఇంటి ముందే పిండిమర ఉంది కాబట్టి చుట్టాలందరికీ ఆవిడ మరత్త. అందరూ ఆవిడకి భయపడేవారు. నాకు భయంతోపాటు బోలెడంత గర్వం కూడా ఉండేది. మర తిరుగుతుంటే ఆ చప్పుడులో కూడా ఎవరి డబ్బాలో ఏముందో, ఎవరి పిండి ఎంత మెత్తగా పడాలో అడగకుండానే చూసుకునేది. మామ్మ, అంటే మా నాన్నకీ అత్తకీ తల్లి, అదే ఇంట్లో గుమ్మం పక్కన పీట వేసుకుని వచ్చేపోయేవాళ్ళ యోగక్షేమాలు విచారిస్తూ ఉండేది. అత్తకి ఒకే ఒక్క కోరిక. ఉన్న మర ఒక్కటే కావడంతో బియ్యం, మిరపకాయలు అన్నీ అందులోనే ఆడించాలి. కారం ఆడినప్పుడల్లా దాన్ని విప్పి, తుడిచి, నూకలు పోసి తిప్పి, అప్పుడుగానీ బియ్యప్పిండి ఆడకూడదు. అందుకని కారానికి వేరే మర కొనాలని బ్యాంకులో లోనుకి అర్జీ పెట్టింది. ఎండాకాలం మిరపకాయల సీజను మొదలయ్యేలోపు అది రావాలని ఆవిడ ఆశ.

నాకు పద్దెనిమిది నిండగానే అత్త తన కార్డుకి అనుబంధంగా నా పేరున ఇంకో కార్డు తెప్పించింది. పరీక్షలకీ ఇంటర్వ్యూలకీ విశాఖపట్నం వెళ్ళినప్పుడు అక్కరకొస్తుందని. చేతికిస్తూ ఒకే మాట చెప్పింది. "ఇది డబ్బు కాదురా. సేబదులు. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకున్నాం అనుకో. తాగిన టీ నీది, పంచదార మాత్రం ఆళ్ళదే. బిల్లు నీది, కట్టడం నీది. పేరు మాత్రం నాది. తెలిసిందేటి?" తెలిసిందన్నాను. బీకాం కుర్రాణ్ణి, చక్రవడ్డీ లెక్కల్లో క్లాసులో మొదటివాణ్ణి. నాకు తెలియకపోవడమా!

తెలియనిదేమిటంటే స్నేహితుల సంగతి. కార్డు మీద కొంటే ఆన్‌లైన్‌లో తగ్గింపులు ఉంటాయన్న వార్త కాలేజీలో పొక్కింది. ఒకడికి బూట్లు, ఒకడికి హెడ్‌ఫోన్లు, ఇంకొకడికి (వాడికి జిమ్ పిచ్చి) డబ్బాడు పౌడరు. వాళ్ళు నాకు రొక్కం ఇచ్చేవారు, నేను కార్డు గీకేవాణ్ణి. "బేంకు బాబూ, బేంకు బాబూ" అని వెంటపడేవారు. బేంకు బాబు జేబులో ఎప్పుడూ నోట్లు గలగలలాడేవి. జేబులో నోట్లుంటే నర్సీపట్నం బస్టాండు పక్కన బిర్యానీ వాసన మరీ దగ్గరగా వస్తుంది. వెనకాల అరడజను మందిని వేసుకుని వెళ్ళి, "తినండ్రా, నేనున్నా" అనేవాణ్ణి. వాళ్ళ డబ్బుతో వాళ్ళకే బిర్యానీ పెట్టి దానకర్ణుడన్న పేరు కొట్టేశాను. వాళ్ళు కూడా ఎంత మంచివాళ్ళంటే, తిన్నాక థాంక్స్ చెప్పడం ఒక్కనాడూ మరిచిపోలేదు.

నెల తిరిగేసరికి బిల్లొచ్చింది. మొత్తం చూసి, అంకెలు మళ్ళీ ఒక్కొక్కటే వేలుపెట్టి లెక్కపెట్టుకున్నాను. దాని కిందే చిన్న అంకె ఒకటుంది. కనీసం ఇంత కట్టండి చాలు అని. నాకు బ్యాంకువాళ్ళ మీద ఎనలేని గౌరవం పుట్టుకొచ్చింది. విద్యార్థి అని తెలిసి తగ్గించారు కాబోలు, పెద్ద మనసు అనుకున్నాను. ఆ కనీసం కాస్తా కట్టేసి, బాకీ తీరిన సంతోషంలో మళ్ళీ బిర్యానీకి వెళ్ళాను. రెండో నెల వచ్చిన బిల్లు చూస్తే పాత బాకీ పోలేదు సరికదా, పిల్లల్ని పెట్టింది. చక్రవడ్డీలో మొదటివాణ్ణని చెప్పానుగా. పుస్తకంలో వడ్డీ ఎప్పుడూ రామారావు సోమారావుకి కట్టేది. నేను కట్టాల్సి వస్తుందని ఆ పాఠంలో ఎక్కడా లేదు.

సరే, నాన్న పంపిన ఖర్చుల డబ్బులోంచి ఈసారి కూడా ఆ కనీసం అంకె మట్టుకు సిద్ధం చేసుకున్నాను. కట్టాల్సిన ఆఖరి రోజు శుక్రవారం. బుధవారం నుంచీ డబ్బు జేబులోనే ఉంది. ఆఖరి రోజు ఉండగా ముందే కట్టడం తెలివితక్కువతనం కదా! శుక్రవారం పొద్దున తలదువ్వుకుని, తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాను. గుమ్మంలో మామ్మ ఆపింది.

"ఎక్కడికిరా బేగి బేగి ఎలిపోతున్నావు?"

"బ్యాంకుకి మామ్మా. డబ్బు కట్టాలి."

"శుక్రవారం పూటా? లచ్చిందేవిని బయటికి సాగనంపుతావేట్రా? పాలోడికే ఈయాల డబ్బులియ్యను నేను. లోపలికి నడువు."

నేను పుట్టి బుద్ధెరిగాక మామ్మ మాట అంత వినయంగా విన్న రోజు అదే. (నా జేబులో డబ్బు ఇంకో రోజు నిద్ర చేస్తుందంటే వినయం దానంతటదే వస్తుంది.) శనివారం వెళ్తే బ్యాంకు తలుపులు మూసున్నాయి. రెండో శనివారమట. ఆదివారం సరేసరి. సోమవారం ఏదో పండగ సెలవు. మంగళవారం మళ్ళీ గుమ్మంలో మామ్మ. మంగళవారం కూడా లచ్చిందేవి గడప దాటకూడదట. బుధవారానికి లచ్చిందేవి మామ్మకి తెలియకుండానే సగం బస్టాండు వైపు కరిగిపోయింది. బిల్లు అలాగే ఉండిపోయింది.

ఆ తరవాత పదిరోజులు కాకముందే ఓ మధ్యాహ్నం అత్త మర ఆపేసి, మంచి చీర కట్టుకుని లోను సంగతి కనుక్కోవడానికి బ్యాంకుకి వెళ్ళింది. తిరిగొచ్చి పీట మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది. మేనేజరుగారు చాలా మర్యాదగానే చెప్పారట. "మీ మర మీద నమ్మకం ఉందమ్మా. కానీ మీ కార్డు టైముకి కట్టడం లేదండీ. కొన్నాళ్ళు సక్రమంగా కట్టి చూపించండి, అప్పుడు లోను ఫైలు పంపుతాను" అని. అంటే ఈ ఎండాకాలానికి కారం మర రాదు. అత్త ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది. నా కళ్ళు మర మీదికి పోయాయి. ఆ ఒక్క మర మీదే సీజనంతా వంగి, విప్పి, తుడవాల్సింది ఆవిడే. అది తట్టేసరికి తిన్న బిర్యానీలన్నీ వరసగా లెక్కకొచ్చాయి. అయినా బేంకు బాబు ఊరుకుంటాడా? "నేనేం చెయ్యనత్తా! శుక్రవారం కడతానంటే మామ్మే వద్దంది" అని నెపం మామ్మ మీదికి నెట్టేశాను.

మామ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది. "ఏటీ? అది అప్పు డబ్బా? అప్పని సెప్పినావేట్రా నాకు? శుక్రవారం ఇయ్యొద్దన్నాను గానీ లచ్చివారం ఇయ్యొద్దన్నానేటి? ఒరే, పక్కింటోళ్ళకి ఇయ్యాల్సింది ఏదున్నా శుక్రవారం రాకముందే ఇచ్చీడానికిరా ఆ మాట పెట్టింది! ఇంట్లో ఒకళ్ళ అప్పు కూకోబెట్టుకుని లచ్చిందేవిని ఏ పీట మీద కూకోబెడతావు?" (మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో గానీ, నాకు మాత్రం అర్థమైంది ఆ పూటే.)

 అప్పుడు అత్త తన ఫోను తీసి నా ముందు పెట్టింది. నేను కార్డు గీకినప్పుడల్లా ఆవిడ ఫోనుకి మెసేజీ వచ్చిందట. బూట్లు, హెడ్‌ఫోన్లు, పౌడరు, వరసగా అన్నీ ఉన్నాయి. జేబులో కార్డు జనానికి కనబడాలని చొక్కాలు వెతుక్కున్న నాకు, అది గీకిన ప్రతిసారీ అత్తకి కనబడుతోందని మాత్రం తెలియలేదు.

"అయితే మొదటి రోజే ఎందుకడగలేదత్తా?"

"అడిగితే అబద్ధం ఆడతావు. ఒకసారి ఆడితే అలవాటైపోద్ది. నీ అంతట నువ్వే వచ్చి సెప్తావని సూసినాను. మరీ ఎక్కువ రోజులు సూసీసినాను, అది నా తప్పే. బాకీ మొత్తం రేపే నేను కట్టీస్తాను. నువ్వు నాకు తీర్చు. డబ్బుతో కాదు, మరలో."

ఆ ఎండాకాలమంతా మరలో ఉన్నాను. రోలుగుంట నుంచీ మా నాతవరం నుంచీ ఆటోల్లో దిగే మిరపకాయల గోనెలు చూస్తేనే తుమ్ములొచ్చేవి. రెండో మర ఉంటే ఎవరూ పడక్కర్లేని పాట్లన్నీ నేనే పడ్డాను. కారం ఆడగానే విప్పు, తుడువు, నూకలు పోసి తిప్పు, మళ్ళీ బిగించు. ఒకరోజు తుమ్ములకి విసుగెత్తి, తుడవకుండానే ఒకావిడ బియ్యం పోసేశాను. పెళ్ళివారి సారె కోసం అరిసెల పిండి. మూడోనాడు ఆవిడ ఊరంతా వినబడేలా వచ్చింది. "ఏటమ్మా మీ మర! మా అరిసెలు తిని పెళ్ళికొడుకు తల్లి కళ్ళంట నీళ్ళెట్టుకుంది. పిల్లని పంపుతున్నందుకు మనం ఏడవాలి గానీ ఆవిడెందుకు ఏడుస్తాదీ?" అత్త నా పేరు ఎత్తలేదు. "మా మర తప్పేనండి, కూకోండి" అని, మరని తానే శుభ్రం చేసి, తన బియ్యంతో కొత్తగా ఆడించి, పైన బెల్లం ముద్ద పెట్టి పంపింది. వెళ్ళాక కూడా నన్నేమీ అనలేదు. తన పేరు మీద జరిగిన తప్పుని మనిషి ఎలా మోస్తుందో అప్పుడు చూశాను. ఆ తరవాత నేను మర తుడిచిన తీరుకి అందులో ముఖం చూసుకోవచ్చు.

ప్రతి నెలా అత్త కరెంటు బిల్లు కార్డు మీదే కట్టి, సామాన్లూ దాని మీదే కొని, బిల్లు రాగానే లక్ష్మివారం నాడు పూర్తిగా కట్టించేది. కనీసం అన్న అంకెని వేలితో మూసేసి చదవమనేది. మరుసటి ఎండలకి లోనొచ్చింది. కారం మర దిగింది. పసుపూ బొట్టూ పెట్టి, మొదటి మిరపకాయలు నా చేత వేయించింది. ఆ సాయంత్రమే, ఏడాది కిందట నా దగ్గర తీసేసుకున్న నీలం కార్డు తెచ్చి నా జేబులో పెట్టింది.

"మళ్ళీ ఎందుకత్తా ఇది?"

"ములిగిపోతావని గట్టు మీదే కూకోబెడితే ఈత ఎప్పుడొస్తాదిరా?"

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, నా సొంత కార్డులున్నాయి. బిల్లు దానంతటదే కట్టుకునే సదుపాయం పెట్టుకోండి సార్ అని బ్యాంకమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంటుంది. వద్దంటాను. ఆ సదుపాయానికి లక్ష్మివారం తెలియదు మరి. మామ్మ ఇప్పుడు లేదు, శుక్రవారం పాలవాడికి డబ్బివ్వాలంటే మాత్రం ఇప్పటికీ చెయ్యి రాదు. ప్రతి నెలా బిల్లు కట్టే లక్ష్మివారం నాడు అత్త ఫోన్ చేస్తుంది. "కట్టీసినావేట్రా?" "కట్టేశానత్తా." అంతే, పెట్టేస్తుంది. ఆవిడ వెనకాల రెండు మరలూ తిరుగుతున్న చప్పుడు వినబడగానే నాకు ముక్కు దురదేస్తుంది. మొన్న బస్టాండు పక్కన నడుస్తుంటే అదే బిర్యానీ వాసన. పలచటి తెల్లచొక్కాలో, జేబు ముందుకి పెట్టుకుని నడిచే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. ఎక్కడైనా కనబడితే వాణ్ణి తిట్టాలనిపించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక బిర్యానీ పెట్టించాలనిపించింది, ఈసారి నా డబ్బుతో.