ఆరో నట్టు

ముప్పైల నాటి మాట. ఆ కార్తీకంలో తుఫాను వాన మూడు రోజులు పట్టి వదిలింది. మా రైతుగారి చేను కొల్లేటిని ఆనుకుని ఉండేది. చుట్టూ గట్టు, గట్టు మీద తాటాకు పాక, పాకలో ఆయిలింజను. చేలో నిలిచిన నీటిని తోడి కొల్లేట్లో పొయ్యడం దాని పని, దాన్ని నడపడం నా పని. కంకులకు జానెడు కిందుగా నీరుంది. వాన ఆగినా గట్టు కింద నుంచి ఊట ఆగలేదు. సరిగ్గా ఆ పొద్దున్నే ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

ఇంజను పైమూత, అంటే హెడ్డు, దాని కింద సందు మూసే గాస్కెట్టు కాలింది. కొత్తది నా పెట్టెలోనే ఉంది కాబట్టి గంటలో పని అయిపోతుందనుకున్నాను. హెడ్డు ఊడదీయాలంటే ఆరు నట్లు విప్పాలి. ఐదు వచ్చాయి. ఆరోది కదల్లేదు.

స్పానరుకి గొట్టం తొడిగి లాగితే వచ్చేదేమో. కానీ బోల్టు విరిగితే పడవ మీద ఏలూరు పోయి, లేతు మిషను మీద కొత్తది చేయించుకుని రావాలి. రెండు రోజులు. ఈలోగా చేను ఉండదు. కిరసనాయిలు పోశాను, సుత్తితో నాలుగు పక్కలా తట్టాను, మళ్లీ పోశాను.

రైతుగారు నీళ్లలో ఒక కర్ర పాతి, దాని పక్కనే నిలబడ్డారు.

"ఎంతసేపు పడుతుందయ్యా?"

"నానాలండీ."

"చేను కూడా నానుతోందయ్యా," అన్నారు. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

మధ్యాహ్నానికి కర్ర మీద నీరు నాలుగు వేళ్లు లేచింది. ఇక వేడి చెయ్యడం తప్ప దారి లేదు. తాటాకు కప్పుని బిందెలతో తడిపించి, మంట చిమ్మే బ్లోలాంపు వెలిగించి నట్టుకి పట్టాను. కాసేపటికి అంచుల నుంచి పచ్చటి నురగ పొంగింది. మాడిన బెల్లం వాసన కొట్టింది.

అది బెల్లం కాదు, కొబ్బరినీళ్లు. ఏటా దసరాకి ఇంజనుకి పసుపు పట్టించి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది నేనే. ఎక్కడో కాదు, ఈ మూల నట్టు మీదే. దాని మీద కొడితే కాయ సమంగా పగిలేది, రైతుగారు మురిసిపోయేవారు. దేవుడి పసుపు తుడవకూడదని అలాగే ఉంచేవాణ్ని. నాలుగేళ్ల నీళ్లు లోపలికి దిగి నట్టు తుప్పు పట్టింది, పసుపు ఆ తుప్పుని కప్పేసింది. ఇంత బుద్ధి తక్కువ పని చేసి, పైగా నా అంత శుభ్రంగా ఇంజను ఉంచేవాడు లేడని పొంగిపోయాను!

తాడేపల్లిగూడెం మిల్లులో నాకు పని నేర్పిన మేస్త్రి, పట్టేసిన నట్టుని ముందు బిగించే వైపు రవ్వంత తిప్పమనేవాడు. తిప్పాను. కిర్రుమంది. బోల్టు విరిగేటప్పుడూ అలాగే కిర్రుమంటుంది. కళ్లు మూసుకుని ఈసారి విప్పే వైపు లాగాను. కదిలింది. ఎర్రటి పొడి రాల్చుకుంటూ బయటికొచ్చింది.

కొత్త గాస్కెట్టు వేసి బిగించాక, సాయంత్రానికి ఇంజను మళ్లీ అందుకుంది. కర్ర మీద తడి గుర్తు బయటపడేదాకా రైతుగారు కదల్లేదు. బయటపడ్డాక వచ్చి ఇంజనుకి దణ్ణం పెట్టుకున్నారు.

"అమ్మవారి దయయ్యా. వచ్చే దసరాకి రెండు కాయలు కొట్టు. ఒకటి చాల్లేదు."

"అలాగేనండీ," అన్నాను. నా చేతులారా నేనే చేను ముంచబోయానని చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు ఆయన భోజనానికి వెళ్లాక ఆరు నట్ల మీదా పసుపు తుడిచి గ్రీజు పూశాను. పూస్తున్నంతసేపూ దొంగతనం చేస్తున్నవాడిలా గట్టు వైపే చూస్తూ ఉన్నాను.