రెండో సిస్టమ్ ఎక్కించిన మధ్యాహ్నం

మా ఇల్లు బంగారుపాళ్యం దాటాక, హైవేకి కాస్త లోపలగా, మామిడి తోటల మధ్య ఉంటుంది. కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల తీపి వాసన కిటికీలోంచి వచ్చి గదిలోనే నిలిచిపోతుంది. ఇంటి నుంచే పని చేసే నాకు ఆ మధ్యాహ్నాలన్నీ సగం నిద్రలాగే గడిచేవి.

కొత్త పనికి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని ఆఫీసులో చెప్పారు. ఉన్న విండోస్‌ను తీసేయకుండా అదే ల్యాప్‌టాప్‌లో రెండోదిగా ఎక్కించుకోవచ్చు. ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో ఎంచుకుంటే చాలు. విండోస్ తీసేయడం నాకూ ఇష్టం లేదు. మా పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు అత్తవాళ్ల అక్క, పలమనేరులో ఉండే మా పెద్దత్త, పాడిన పాట వీడియో అందులోనే ఉంది. తర్వాత ఏదో శుభకార్యానికి సరిగా పిలవలేదని అక్కచెల్లెళ్లకు మాటల్లేకుండా పోయాయి. అత్త ఫోన్ చేయదు. కానీ రోజూ అన్నం తిన్నాక నా పక్కన కూర్చుని, "ఆ పాట పెట్టు మే" అంటుంది.

లినక్స్ ఎక్కింది. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేస్తే ఏది కావాలని అడగకుండా నేరుగా అందులోకే వెళ్లింది. విండోస్ జాడ లేదు.

"ఏమైంది మే, మొగం అట్ల పెట్నావు?" అంది అత్త.

"పాతది కనపడలేదత్తా. పాట దాంట్లోనే ఉండాది."

"పోయినాదా?"

"తెలీదు. సూస్తా ఉండాను."

అత్త బల్ల మీదున్న నా ఫోన్ తీసి నాకందించింది. తర్వాత మెల్లగా, "మీ పెద్దత్త నంబరు నీకాడ ఉండాదా?" అంది.

నంబరు కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"అక్కా, నేను."

అటునుంచి పెద్దత్త గొంతు. "ఇన్నాళ్లకు నీకు నేను గెవనమొచ్చినానా?"

"నీ పాట పోయిందక్కా, కంప్యూటర్‌లో."

"నా పాట యాడికి పోతాది? ఈడే, నా గొంతులోనే ఉండాది."

పెద్దత్త పాడటం మొదలుపెట్టింది. గొంతు వీడియోలో కన్నా సన్నబడింది. ఒకచోట మాట మరిచిపోతే అత్త అందించింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాడారు. 

వాళ్లు మాట్లాడుకుంటుండగా లినక్స్‌లోంచే పాత డిస్క్ తెరిచి చూశాను. పెళ్లి వీడియోలన్నీ భద్రంగా ఉన్నాయి. ఏది కావాలని అడిగే మెనూలో విండోస్ పేరు చేరలేదు, అంతే. సెట్టింగుల్లో ఒక వరుస మార్చితే అదీ వచ్చింది.

సాయంత్రం చెప్పాను. "దొరికింది లే అత్తా, పెట్టేదా?"

"ఉండనీ మే," అంది, మూలనున్న సంచి దులుపుతూ. "రేపు పలమనేరు బస్సు ఎన్నింటికి?"

మర్నాడు పొద్దున్నే వెళ్లిన మనిషి చీకటి పడే వేళకు ఫోన్ చేసి, ఇంకో నాలుగు దినాలు ఉండి వస్తానంది.