పదకొండు రోజుల గౌను

టైలరింగ్ షాపులో పాతికేళ్లుగా కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకు కాజా అక్క అనే పేరే ఖాయమైపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచే నాథుడే లేడు.

ఆ వీధిలోకి ఓ రోజు బొమ్మలు వేసే మేడమ్ ఒకావిడ ఊడిపడింది. ఆడవాళ్ల జ్ఞాపకాలన్నీ కలిపి గోడంత తెర చేసి ప్రదర్శనకు పెడుతుందట. ఒక్కొక్కరూ ఒక పాత బట్ట ఇచ్చి, దాని కథ చెప్పాలట. మిగతావాళ్లు గడుసువాళ్లు. చిరిగిన లంగాలూ వెలిసిన దుప్పట్లూ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. కాజా అక్క మాత్రం పెట్టె అడుగు నుంచి చిన్న గౌను తీసింది. పదకొండు రోజులు బతికి పోయిన కూతురిది. ఫొటో లేదు, పేరైనా పెట్టలేదు. మిగతావన్నీ మొగుడు ఆనాడే పారేశాడు. ఆ పిల్ల పుట్టిందని చెప్పడానికి లోకంలో మిగిలింది ఆ జానెడు గుడ్డే.

"మళ్లీ ఇచ్చేస్తారుగా మేడమ్?"

"అయ్యో, మీది మీకే అక్కా!" అంటూ మేడమ్ కళ్లు తుడుచుకుంది. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను ఇట్టే నమ్మేయడం మనకున్న జబ్బు.

వారం తిరక్కుండానే అంచులు కుట్టమని షాపుకి మూటలొచ్చాయి. చదరంగా కత్తిరించి, వెనక గట్టి గుడ్డ అతికించిన ముక్కలు. ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చున్నవాళ్లెవరూ ముక్కను తిరగేసి చూడరు. చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి మూట తెమలదు. బోర్లా పేర్చినవి పేర్చినట్టే సూది కిందికి తోస్తూ, మిషన్ కత్తి అంచుల్ని గీరేస్తుంటే, పక్కామెతో సినిమా కబుర్లాడుతూ కాజా అక్క నూట ఇరవై ముక్కలు లాగించేసింది. పని నీటుగా ఉందని ఓనరు మెచ్చుకున్నాడు కూడా.

ప్రదర్శన రోజు మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. తెర నడిమధ్యన గౌను. గౌనంటే గౌను కాదు, వీపు దగ్గరి అరచేతంత ముక్క. చుట్టూ తను వేసిన కుట్టే. పరుగున మేడమ్ దగ్గరికి పోయింది.

"మిగతాది ఏదమ్మా? చేతులు? పాలు కక్కిన మరకున్న మెడ?"

"మరకలున్నవి బాగోవని తీసేశామక్కా. బాధపడకండి, ఇప్పుడది మనందరిదీ" అని మేడమ్ ఆమెను కావలించుకుంది. ఎవరో ఫొటో తీశారు. ఏడుపు మొహం చాలా బాగా వచ్చిందని ముచ్చటపడ్డారు.

మేడమ్ చేతులు విడిపించుకుని వచ్చేసరికి మొగుడు ఆ ముక్క ముందే నిలబడి, కింద అంటించిన చీటీ కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. వెళ్లి పక్కన నిలబడింది. గుర్తుపడతాడని ఆశ, పిచ్చిదానికి.

"పదకొండు రోజులేనట" అన్నాడు నోరు చప్పరించి. "ఎవరి బిడ్డో, పాపం."

కాజా అక్క అతని మొహంలోకి చూసింది.

"ఎవరిదో లెండి" అంది.

అతను టీ ఎక్కడ ఇస్తున్నారో కనుక్కోవడానికి వెళ్లాడు.