ఓవెన్‌లో ఆరబెట్టిన ఇత్తడి

ఆ రోజుల్లో మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే "బాగున్నారా" అని అడిగేవారు కాదు, "ఇంకా ఉన్నారా" అని అడిగేవారు. ఉద్యోగంలో అన్నమాట. కార్ల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మంచాన పడ్డ చలికాలం అది. సోమవారం పక్క సీట్లో కూర్చున్నవాడు శుక్రవారానికి తన కాఫీ కప్పు, దేవుడి పటం అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయేవాడు. అలాంటప్పుడు మనిషి ఏదో ఒక పని కల్పించుకోకపోతే పిచ్చెక్కుతుంది. మావాళ్ళలో కొందరు గుడిలో ప్రదక్షిణాలు పెంచారు, కొందరు కొత్త సర్టిఫికేషన్లకి చదివారు. నేను తూటాలు తోమాను.

కంగారుపడకండి (మా ఆవిడ పడినంత ఎలాగూ పడలేరనుకోండి). పేలిపోయిన తూటాల సంగతే చెబుతున్నాను. మేము ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పై వాటాలో ఇంటి యజమాని ఒక్కడే ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఛాతీ మీద పరుచుకున్న తెల్లటి గడ్డం చూసి, కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ మొదటిరోజే ఆయనకు గడ్డం తాత అని పేరు పెట్టేసింది. తాత ఆకురాలే కాలంలో జింకల వేటకు వెళ్ళేవాడు, చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని వచ్చే ఏటికి తూటాలు తయారుచేసుకునేవాడు. తూటా పేలాక గుండు వెళ్ళిపోతుంది గానీ దాన్ని పట్టుకున్న ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని శుభ్రంగా తోమి, మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగిస్తే కొత్త తూటా. ఈ పనిలో మొదటి మెట్టు, అందరికీ విసుగు పుట్టించే మెట్టు తోమడమే. తాత దగ్గర దానికో మెషిన్ ఉండేది. పొడిచేసిన మొక్కజొన్న బెండులో తొడుగుల్ని వేసి స్విచ్ నొక్కితే గంటల తరబడి గడగడలాడిస్తూ మెరుగు పెట్టేది. ఆ ఏడు అది కాలిపోయింది. తాత వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు తిరిగాయి. మసిపట్టిన ఇత్తడి నిండిన బకెట్ పక్కన ఆయన దిగులుగా కూర్చుని ఉండగా నేను గరాజ్‌లోకి వెళ్ళాను.

"దీన్ని నేను మెరిపిస్తాను" అన్నాను. చిన్నప్పుడు పండగొస్తే మా ఇంట్లో దీపపు కుందులు తోమే పని నాదే మరి.

"దేంతో?" అన్నాడు తాత.

నేను మా వాటాలోకి వెళ్ళి చింతపండు ముద్ద తెచ్చి చూపించాను. తాత వాసన చూశాడు, ఓ పోగు నోట్లో వేసుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఇది తోమితే ఇత్తడే కాదు కిడ్డో, నా ట్రక్కు తుప్పు కూడా వదిలిపోద్ది" అన్నాడు. (ఆయన ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను. గడ్డం మీరు ఊహించుకోవాలి.) పై అరలో కాఫీ డబ్బాలో ఉన్న తొడుగుల్ని కూడా తెచ్చి నా బకెట్‌లో కుమ్మరించాడు. "తడి మాత్రం ఉండకూడదు. లోపల చుక్క నీరున్నా మందు పాడైపోద్ది. తువ్వాలు మీద పరిచి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన పెట్టు, రెండు మూడు రోజుల్లో ఆరతాయి" అని మరీ మరీ చెప్పాడు.

ఇక్కడ మీకు రెండో సంగతి చెప్పాలి. ఆ శనివారమే మా మేనేజర్ గారిని, వాళ్ళావిడని భోజనానికి పిలిచాం. ఆఫీసులో ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం. వరంగల్ వైపు మనిషి, మాట పెళుసు, మనసు ఎలాంటిదో అప్పటికి ఎవరికీ తెలియదు. మా ప్రాజెక్టులో సగం మందిని తీసేస్తారని, ఎవరిని ఉంచాలో ఆయన్నే అడిగారని గట్టిగా వినిపిస్తున్న రోజులు. ఆయనకు పులిహోర ప్రాణమని మా ఆవిడ ఎక్కడో కనుక్కుంది. శనివారం పొద్దున చింతపండు డబ్బా మూత తీసి, లోపలికి చూసి, నా వైపు చూసింది.

"ఇందులో చింతపండేదీ?"

"గరాజ్‌లో..."

"గరాజ్‌లో?"

"తాతగారి బ్రాస్‌కి వాడానే. ఎంత మెరిసిపోతున్నాయో చూస్తే నువ్వే..."

"మీ ఉద్యోగం నిలబెట్టడానికి నేను పులిహోర చేద్దామనుకుంటే, మీరు చింతపండు తీసుకెళ్ళి తుపాకులకి పెట్టారా?" అంది. తర్వాత నిమ్మకాయలు కోసింది. ఆమె కోసిన తీరు చూసి నేను వంటింట్లోంచి తప్పుకున్నాను.

తప్పుకున్నవాణ్ణి తప్పుకున్నట్టే ఉంటే ఈ కథే లేదు. కడిగిన ఇత్తడి నిజంగానే బంగారంలా ఉంది. ఒక్కదాంట్లోంచి మాత్రం నీళ్ళు సరిగ్గా కారలేదు. చింతపండు పిప్పి ఏదో ఇరుక్కుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం పైకి తీసుకెళ్ళి తాతకు చూపించి మెప్పు పొందాలని ఆత్రం. రెండు మూడు రోజులు ఆగడం నా వల్ల కాలేదు. మా ఓవెన్ అప్పటిదాకా మూకుళ్ళు దాచుకునే అలమారా. వాటిని బయటికి తీసి, తొడుగులన్నిటినీ ట్రేలో నిలబెట్టి, అన్నిటికన్నా తక్కువ వేడి మీద పెట్టాను. ఇంజినీరు బుర్ర కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పెద్దసారు దంపతులు అనుకున్నదాని కన్నా ముందే వచ్చేశారు. ఆయన కోటు విప్పి, వంటింట్లోనే ఉన్న భోజనాల బల్ల దగ్గర సరిగ్గా ఓవెన్‌కి వీపు ఆనేలా కూర్చుని, "ఈడ వెచ్చగ మంచిగున్నదయ్యా" అన్నారు. మేడమ్ ఆయన పక్కన కూర్చున్నారు. మా ఆవిడ పులిహోర వడ్డించింది. ఆయన ఒక ముద్ద తిని, కనుబొమ్మలు ఎగరేసి, "బ్రహ్మాండంగున్నదమ్మా" అన్నారు. మా ఆవిడ ముఖం విప్పారింది. నా ఉద్యోగం అప్పటికి ఒక ఏడాది గట్టిపడిందని లోపల లెక్క వేసుకుంటుండగా నా ఫోన్ మోగింది. ట్రక్కు వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళిన గడ్డం తాత.

"కిడ్డో, ఒక్కమాట. ఇక్కడ ఉడతల్ని కొట్టే చిన్న తూటాల పెట్టె చూస్తే గుర్తొచ్చింది. అలాంటివి కొన్ని ఆ కాఫీ డబ్బాలోనే ఉండేవి. ఏరేశాను గానీ అన్నీ ఏరానో లేదో. సన్నగా ఉంటాయి, పెద్ద తొడుగు మూతిలోంచి లోపలికి జారిపోతాయి. ఆరాక ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూడు."

నీళ్ళు కారని తొడుగు నా కళ్ళ ముందు నిలబడింది.

"అంటే... పేలనివా?" అన్నాను.

"పేలనివే. ఏం, ఎక్కడ ఆరబెట్టావ్?"

నేను పెద్దసారు వీపు వైపు చూశాను. ఆయన రెండోసారి వడ్డించుకుంటున్నారు. "ఓవెన్‌లో" అన్నాను.

తాత ఎన్నడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు. "ఆ వేడికి ఏమీ కాకపోవచ్చు. అయినా ఓవెన్ ఆపు. తలుపు తియ్యకు. ఇంట్లో ఎవరుంటే వాళ్ళని బయటికి తీసుకెళ్ళు. నేనొస్తున్నా."

పెద్దసారు భుజం మీదుగా చెయ్యి చాపి ఓవెన్ ఆపేశాను. ఇప్పుడు ఈయన్ని భోజనం మధ్యలో, మంచు కురుస్తున్న బయటికి ఎలా పంపాలి? నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. (రెండిట్లో ఏది పెద్ద నష్టమో ఆ క్షణంలో నాకు నిజంగా తేలలేదు.) "సార్! వెనక యార్డ్‌లోకి జింకలొచ్చాయి సార్! గుంపు! రండి, రండి, మళ్ళీ వెళ్ళిపోతాయి!" అని అరిచాను.

"తిన్నంక చూద్దాం తియ్యి."

"వెళ్ళిపోతాయి సార్!"

నా అరుపుకి ఆయన ఉలిక్కిపడి లేచారు. ప్లేటు మాత్రం వదల్లేదు. వాకిట్లో ఆయన ఒక చేత్తో ప్లేటు పట్టుకుని బూట్లలో కాళ్ళు దూరుస్తుంటే, నేను అందరికీ కోట్లు అందించి, వంగి ఆయన లేసులు కూడా కట్టేశాను. "ఏందయ్యా ఇది, జింకల కోసం..." అంటూ మొహమాటపడ్డారు. మేడమ్ పట్టుచీర మీద కోటు తొడుక్కున్నారు. మా ఆవిడ నన్ను పట్టిపట్టి చూసింది గానీ అతిథుల ముందు ఏమీ అనలేక నడిచింది. నలుగురం పెరట్లో నిలబడ్డాం. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"ఏడున్నయ్ జింకలు?" అన్నారు పెద్దసారు, చేతి తొడుగులతోనే పులిహోర కలుపుకుంటూ.

"చెట్ల వెనక్కి వెళ్ళాయి సార్. కదలకుండా ఉంటే వస్తాయి."

కదలకుండా ఉన్నాం. ముక్కులు ఎర్రబడ్డాయి. పులిహోర గడ్డకట్టింది. నేను వంటింటి కిటికీ వైపే చూస్తున్నాను. చివరికి మేడమ్, "మీరు చూడండి, నేను లోపల కూర్చుంటాను, నా వల్ల కాదు" అని మెట్ల వైపు నడిచారు.

నేను పరుగెత్తి తలుపుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. "వద్దు మేడమ్! లోపలికి వెళ్ళకండి!"

"ఏమైందండీ మీకు?" అంది మా ఆవిడ. ఆ గొంతులో కోపం పోయి భయం వచ్చింది. దాంతో నాకు ధైర్యం పూర్తిగా పోయింది.

"ఓవెన్‌లో తూటా ఉందేమోనండీ" అన్నాను.

పెద్దసారు నమలడం ఆపారు. "నీ వీసా స్టేటస్ ఏంది?" అని అడిగారు.

"హెచ్ వన్ సార్."

"హెచ్ వన్ మీద తూటాలు వండుతున్నవా?" (ఆ వీసా మీద ఖాళీ తొడుగు ముట్టుకోవడం కూడా తప్పేనని తర్వాత ఎవరో చెప్పారు. నిజమో కాదో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.) ఆయన మేడమ్ చెయ్యి పట్టుకుని, ప్లేటుతో సహా వెనక్కి వెనక్కి నడుస్తూ డ్రైవ్‌వే దాకా వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి 'టప్!' మని వినిపించింది.

నలుగురం వాళ్ళ కొత్త వ్యాన్ వెనక మంచులో చతికిలబడ్డాం. ఎవరి చేతిని ఎవరు పట్టుకున్నామో తెలియదు. కాసేపటికి చూసుకుంటే నా చెయ్యి పెద్దసారు చేతిలో ఉంది. ఇద్దరం వదల్లేదు.

తాత ట్రక్కు అప్పుడొచ్చింది. మేము చెప్పింది విని, "అది ట్రే. చల్లారేటప్పుడు రేకు అలాగే తన్నుకుంటుంది" అన్నాడు. అయినా చాలాసేపు మమ్మల్ని అక్కడే ఆపి, తర్వాత ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఆయన తిరిగి రాకపోతే పోలీసులకి ఏం చెప్పాలా అని నేను, ఎవరికి ఫోన్ చెయ్యాలా అని పెద్దసారు ఆలోచిస్తూ నిలబడ్డాం. తాత మా ఆవిడ వంటింటి గుడ్డలతో ట్రే పట్టుకుని వచ్చి, మెట్ల మీద పెట్టి, ఒక్కొక్క తొడుగే వెలుతురుకి ఎత్తి చూడసాగాడు. ఒకదాని దగ్గర ఆగాడు. బోర్లించి తట్టాడు. అరచేతిలో చింతగింజ పడింది.

తాత పగలబడి నవ్వాడు. మా ఆవిడ నవ్వింది. పెద్దసారు వ్యాన్ వెనక నుంచి లేచి ప్యాంటు దులుపుకుంటూ, "గింజకా మమ్మల్ని మంచుల కూసోబెట్టినవు" అంటూ వచ్చారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. తాత నవ్వుతూనే మిగతావి కూడా ఎత్తి చూస్తున్నాడు. ఇంకా చివరి వరుస ఉండగా ఆయన నవ్వు ఆగిపోయింది. ఒక తొడుగును వంచాడు. దాంట్లోంచి సన్నటి చిన్న తూటా, మూతి దగ్గర బూడిదరంగు సీసంతో, చప్పుడు లేకుండా ఆయన అరచేతిలోకి జారింది.

దాన్ని అందరం చూశాం. చిటికెన వేలి కొసంత ఉంది, అంతే. "ఈ వేడికి పేలదు" అన్నాడు తాత. వెంటనే, "డబ్బా సరిగా చూడాల్సింది నేనే" అన్నాడు. దాన్ని చొక్కా జేబులో వేసి బొత్తాం పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కీళ్ళనొప్పుల వల్లనేనని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. "అన్నం సగంల ఉన్నది" అన్నారు పెద్దసారు. అందరం మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాం, ఈసారి తాతతో సహా. పెద్దసారు కుర్చీని ఓవెన్‌కి దూరంగా జరుపుకుని, పులిహోర వేడిచేయించుకుని తిన్నారు. తాత కూడా మెచ్చుకుంటూ తిని, ఇందులో ఇత్తడి తోమేది వేశారా అని అడిగాడు. ట్రేని మా ఆవిడ ఆ సాయంత్రమే చెత్తలో పడేసింది, మసి, సీసం అంటిన దాంట్లో వండనని.

ఉద్యోగం నిలబడిందా అంటే, లేదు. కొద్ది వారాలకే మా ప్రాజెక్టు మొత్తం మూసేశారు. ఎవరిని ఉంచాలో జాబితా రాసి పంపిన పెద్దసారుతో సహా అందరం అట్టపెట్టెలు సర్దుకున్నాం. ఆ కబురు చెప్పడానికి ఆయన నన్ను తన గదిలోకి పిలిచి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మీ తాత మంచిగున్నడా?" అని అడిగారు. ఆయన మనసు ఎలాంటిదో నాకు అప్పుడు తెలిసింది. తర్వాత నాకు ఇంకో రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో పని దొరికింది, వాళ్ళు ఇంకెటో వెళ్ళారు. ఏడాదికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం.

మొన్న ఇంట్లో ఈ సంగతి తలుచుకుని నవ్వుకుంటుంటే మా ఆవిడ అంది, "అందరికీ కోట్లు అందించారు, పెద్దసారు లేసులు కూడా కట్టారు. మీరు మాత్రం అంతసేపూ చొక్కాతోనే నిలబడ్డారు, తెలుసా?" నాకు తెలియదు. చలి వేసినట్టు కూడా గుర్తులేదు. మంచులో చేతులు చాపుకుని తలుపుకి అడ్డం నిలబడ్డ అప్పటి నన్ను, ఆ బక్క కుర్రాణ్ణి ఇప్పుడు దూరం నుంచి చూస్తుంటే, కోపం రాదు. ఈ ఉద్యోగం పోతుంది, ఇంకోటి వస్తుంది, ముందు కోటు వేసుకోరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదనుకోండి. తలుపు దగ్గర్నుంచి కదిలేవాడు కాదు.