ముందు మామయ్య తాగాలి

మా మామయ్య భయపడని వస్తువు లోకంలో లేదు. ఎవరైనా ఏదైనా నోట్లో పెట్టుకోబోతే చాలు, అడ్డం పడి ముందు తాను రుచి చూసి, అదెలా ఉందో వీధి చివరికి వినపడేలా అరిచి చెప్పేవాడు. "నేను పోతే పోయాను, మీరు బతకండి" అనేవాడు. ఆయన పోయిందీ లేదు, మేం ప్రశాంతంగా ఒక్క ముద్ద తిన్నదీ లేదు.

అమ్మ ఒక చిన్న రెస్టారెంట్‌లో వంట చేసేది. ఆమె తమ్ముడైన మామయ్య అక్కడే స్టోరు చూసేవాడు. నేను వడ్డించేదాన్ని. ఏటా ఎండలు ముదిరే ముందు, మధ్యాహ్నం భోజనాల్లోకి చవకలో మంచి వైట్ వైన్ ఏదో తేల్చాలి. సీసాలు తెరిచే పని మామయ్యది. ఒకసారి బిరడా ఎగిరి బల్బు పగిలిందట. అప్పట్నుంచి నెత్తిన గిన్నె బోర్లించుకుని, కళ్ళు మూసుకుని తెరిచేవాడు.

"మామయ్యా, అది వైనే, బాంబు కాదు."

"బాంబయితే ఎవరూ మూత తియ్యరే పిచ్చిపిల్లా! దీంతోనే జాగ్రత్తగా ఉండాలి."

కానీ ఆ ఏడు నాక్కూడా భయం పట్టుకుంది. జ్వరం వచ్చి తగ్గాక అమ్మకి వాసనా రుచీ రెండూ పోయాయి. చేతి అలవాటుతో ఎలాగో నెట్టుకొస్తోంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసనుకున్నాం. రుచి తెలియని మనిషిని మా యజమానురాలు పొయ్యి దగ్గర ఒక్క పూట కూడా ఉంచదు. పైగా సూపులో ఉప్పెక్కువైందని ఎవరో ఫిర్యాదు చేశారు. అంతే, యజమానురాలు "ఈసారి వైన్ సంగతి వంటావిడే తేల్చాలి" అనేసింది.

పొద్దున తలుపులు తెరవకముందే బల్ల మీద కాల్చిన చేప, దోసకాయ సలాడ్, మూడు గ్లాసుల్లో మూడు రకాల వైన్ పెట్టించింది. ఎదురుగా చేతులు కట్టుకు నిలబడింది.

"నువ్వు పక్కకి జరుగు," అంది మామయ్యతో. "ముందు ఆవిడ తాగాలి."

అమ్మ మొదటి గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఇక అమ్మ ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

"అమ్మో, అక్కా, ఆగు!" మామయ్య ఒక్క గెంతులో గ్లాసు లాక్కుని సగం మింగేశాడు. "బాబోయ్, నిమ్మతొక్క కొరికినట్టుంది! పళ్ళు జివ్వుమన్నాయి! నోట్లో జిడ్డంతా కడిగేసింది!"

"ఇది చేపలోకి బాగుంటుంది," అంది అమ్మ మెల్లగా.

యజమానురాలు కేకేసేలోపే రెండోది ఎత్తేశాడు. "చచ్చాను! మరీ తియ్యన! నాలుకకి పాకంలా అంటుకుంది!"

"వద్దండీ. ఎండలో మొహం మొత్తుతుంది."

మూడోది నోట్లో పడగానే మామయ్య మొహం అష్టవంకర్లు పోయింది. "పులిసిపోయిందే! ఎవరూ ముట్టుకోకండి!"

"పారబొయ్యండి," అంది అమ్మ, ఈసారి గట్టిగా.

"దాన్ని కావాలనే పెట్టాను," అంది యజమానురాలు. మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, "మొదటిదే తెప్పించండి" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

మామయ్య చెమటలు కక్కుతూ నేల మీద చతికిలపడ్డాడు.

"నీకు తెలుసా మామయ్యా?" అన్నాను.

"పాలు మాడిపోతుంటే అక్క పక్కనే నిలబడి పాట పాడుకుంటోందే! ఆవేళే తెలిసింది. అప్పట్నుంచి ఇంకాస్త గట్టిగా అరుస్తున్నా, అక్కకి వినపడాలని."

"ఒరేయ్ సన్నాసీ, నాకో మాట చెప్పొచ్చు కదరా!" అమ్మ ఆయన వీపు మీద ఒక్కటిచ్చి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుంది.

అంతలో గది తలుపు తెరుచుకుంది.

"ఇదిగో," అంది యజమానురాలు మామయ్యతో. "రేపట్నుంచి వంటయ్యేదాకా పొయ్యి దగ్గరే ఉండు. ప్రతి గిన్నె రుచి చూసి ఇలాగే అరిచి చెప్పు. ఆవిడ ముక్కు బాగయ్యేదాకా."

మామయ్య పాలిపోయిన మొహంతో, "కారంవి కూడానా అండీ?" అన్నాడు.

"అన్నీ."

మర్నాడు మాకంటే ముందే వచ్చి, చెంచా పట్టుకుని వణుకుతూ వాళ్ళక్క పక్కన నిలబడ్డాడు.