ఉప్పుటేరు అవతలి ఆసుపత్రి

నా వైద్య విద్యకు ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇచ్చింది. చదువయ్యాక డాక్టరు లేని ఊళ్లో నాలుగేళ్లు పనిచేయాలని షరతు. నాకది షరతులా అనిపించనే లేదు. బోగోలు దాటి సముద్రం వైపు వస్తే, ఇసుక దారి చివర చేపలు పట్టుకు బతికే ఊరు మాది. మాకు డాక్టరు లేరు. దరఖాస్తులో మా ఊరి పేరే రాశాను.

చివరి ఏడాది ట్రస్టు మేడం, ఇంకొకాయన ఊరు చూసి తేల్చడానికి వస్తామన్నారు. ఇసుక దారినే తీసుకొద్దామని మా నాయనతో అన్నాను. ఆయన మండిపడ్డాడు.

"వాళ్లేమన్నా చేపల గంపలా అమ్మణ్ణీ, ఇసకలో ఈడ్చకరావడానికి?"

మా ఊళ్లో అంతే. పెళ్లివారైనా, అమ్మవారి విగ్రహమైనా ఉప్పుటేటి మీద పడవలోనే రావాలి. నడిపించి తెస్తే ఊరికి పరువు తక్కువ. అందుకని వాళ్ల కారును అవతలి ఒడ్డుకు, సరిగ్గా అక్కడున్న సర్కారు ఆసుపత్రి ముందుకు రమ్మన్నారు. మా ఊరి పెద్ద, పెద్దకాపు, సముద్రం పోటు చూసి వేళ పెట్టాడు. పడవ కడిగి కొత్త దుప్పటి పరిచారు. ఏరు నిండుగా ఉంది, గాలి లేదు. మేడం నీళ్లలో చెయ్యి పెట్టి చిన్నపిల్లలా నవ్వింది.

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపు మేడం! వక్కాకు నమిలి ఊసేలోగా మా ఊళ్లో ఉంటాం," అన్నాడు నాయన.

"ఆసుపత్రి ఇంత దగ్గరా మీకు!"

నేను చెప్పాను. పోటు తీస్తే పడవ బురదలో కూరుకుపోతుందని, గాలి లేస్తే దాటలేమని, ఇసుక దారిన చుట్టుతిరిగి పోతే సగం పూట పడుతుందని. మా మేనత్త నొప్పులతో పడవలో పడుకుని, నీళ్లు ఎక్కేదాకా ఆగి, బిడ్డను పోగొట్టుకున్న సంగతి కూడా చెప్పాను.

నాయన నవ్వేశాడు. "పుస్తకాలు చదివి చదివి మా పాప పిరికిదైపోయింది మేడం. ఏట్లో పుట్టినోళ్లం, మాకు నీళ్లు అడ్డమా?"

చుట్టాల ముందు ఏరు దాటలేనని ఏ పడవవాడు ఒప్పుకుంటాడు?

మేడం నా భుజం తట్టింది. "మీ నాన్నగారికి తెలియదా అమ్మా?"

మాది ఆసుపత్రి అందుబాటులో ఉన్న ఊరని తేల్చారు. నన్ను పడమటి కొండల కింద ఒక మెట్ట ఊరికి వేశారు. అక్కడా డాక్టరు లేరు, వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. నాలుగేళ్లు వాళ్ల పిల్లలకు పురుడు పోస్తాను. మా వాళ్లు నీళ్ల కోసం చూస్తూ ఉంటారు.

బయల్దేరిన రోజు పొద్దున ఏట్లో నీళ్లు లేవు. పడవ బురదలో పక్కకు ఒరిగి ఉంది. నాయన ఒక్కడే కాసేపు దాన్ని నెట్టి, మోకాళ్లదాకా బురదతో పైకి వచ్చాడు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న మేనత్త తల ఎత్తలేదు.

"ఏంది అన్నా, వక్కాకు నమలడం ఇంకా కాలేదా?"

నాయన నా పెట్టె నెత్తికెత్తుకుని ఇసుక దారి పట్టాడు.