ఖాళీ గడిలో ఏరు

1968 మే 9, గురువారం, ఉదయం ఎనిమిదిన్నర. శ్రీముఖలింగానికి రెండు మైళ్లు ఎగువన, వంశధార ఒడ్డున ఉన్న మా గేజీ దగ్గర ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి జీపు ఆగింది. అప్పటికి నేను ఆ గేజీకి రీడరుగా చేరి పదకొండు నెలలు.

గేజీ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. నీళ్లలో నిలువుగా పాతిన ఇనుప పలక అది. దాని మీద అడుగులు, అడుగులో పదోవంతులు గీసి ఉంటాయి. నీరు ఏ గీత దగ్గర ఉందో పొద్దున ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు చూసి రిజిస్టరులో వేయాలి. వరదొస్తే గంటగంటకూ చూడాలి. ఎండయినా ముసురయినా రోజుకు మూడుసార్లు అక్కడికి నడిచి వెళ్లడమే అందులో ఉన్న కష్టం. అంతకుమించి గొప్ప పనేం కాదు.

అంతకుముందు నేను లష్కరుని, అంటే కాలవ గట్లు కాసే మనిషిని. పాత రీడరు బదిలీ అయ్యాక రాయడం వచ్చినవాడు కావలసివచ్చి నన్ను వేశారు. నాకు ముప్పై మూడేళ్లు వచ్చాకే అక్షరాలు వచ్చాయి. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఊరి బళ్లో మాస్టారు నన్ను కూర్చోబెట్టి దిద్దించారు. గీసిన గడి ఖాళీగా వదిలితే ఆయన ఒప్పుకునేవారు కాదు. పిల్లలకు పడ్డట్టే నాకూ మొట్టికాయ పడేది.

గేజీ రిజిస్టరులో ఐదు గడులు. తేదీ, మూడు రీడింగులు, చివర ‘రిమార్కులు’. పలక ఒరిగితేనో, గీతలు చెరిగితేనో తప్ప ఆ చివరి గడి ముట్టుకోనక్కర్లేదని నాకెవరూ చెప్పలేదు. నేను రోజూ నింపాను. అదీ నా తప్పు.

ఏం రాస్తాను? చూసింది రాశాను. ‘మంచు. అవతలి ఊరు కనబడలేదు. కోడికూత మాత్రం వచ్చింది.’ ‘పలక మీద లకుముకి పిట్ట కూర్చుంది. ఎగిరేదాకా ఆగి చదివాను.’ ‘సూర్యుడు పలక మీద మూడో అడుగు దగ్గర ఉన్నాడు.’ ‘నీరు గాజులా ఉంది. నా ముఖం చూశాను. మా నాయనలా ఉంది.’ అక్షరాలు కొత్తగా వచ్చినవాడికి ప్రతి మాటా కొత్తే. ‘మంచు’ అని రాసి, కాగితం తడిసిందేమోనని వేలితో తడిమి చూసుకున్న రోజు కూడా ఉంది.

వారానికోసారి రీడింగులు మాత్రం వేరే కాగితం మీద ఎక్కించి సెక్షను ఆఫీసుకు పంపేవాణ్ని. అందువల్ల రిజిస్టరు ఎవరి కంటా పడలేదు. ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారని, ముందురోజు మధ్యాహ్నం మా సూపర్‌వైజరు నరసింగరావు గారు వచ్చి మొదటిసారి దాన్ని తెరిచారు. ఆయనది గోదావరి వైపు.

“ఏమయ్యా అప్పలస్వామీ, ఏటి లెక్క రాయమంటే పెళ్లిచూపుల ముచ్చట్లు రాశావేంటి?” అన్నారు.

అంతటితో పోలేదు. ఏప్రిల్ 16న పొద్దున రెండు అడుగులున్న నీరు మధ్యాహ్నానికి నాలుగున్నర అయిందని వేశాను. సాయంత్రానికి నీరు తీసింది. ఆ రోజు మా చుట్టుపక్కల చుక్క వాన లేదు. దిగువన ఉన్న గేజీలో మూడు పూటలా రెండే అడుగులు. తప్పుడు రీడింగు వేసినవాణ్ని మా శాఖలో ఉంచరు. నా పని అప్పటికి పర్మనెంటు కాలేదు. అది పోతే లష్కరు పనీ దక్కదు, గజపతినగరం వైపు రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టుకోవాలి. ఆయనకూ భయమే. నా వారం కాగితాల మీద ఆయన సంతకాలున్నాయి.

కొత్త రిజిస్టరు ఒకటి నా చేతిలో పెట్టి, పొద్దున్నకల్లా మొత్తం తిరగరాయమన్నారు. పదహారో తేదీకి రెండు అడుగులే వేయాలి. చివరి గడి ఖాళీగా ఉండాలి. వారం కాగితంలో అంకె పొరపాటున పడిందని తాను చెప్పుకుంటానన్నారు.

ఆ ఎండవేళ పందిట్లో కూర్చుని మొదలుపెట్టాను. నా భార్య సూరమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకు చదువు రాదు.

“ఏటి రాత్తన్నావు?” అంది.

“పాతదే మళ్లీ.”

“అయితే సదువు. సేతులు కాళీ లేవు గానీ సెవులు కాళీయే.”

చదివాను. పదకొండు నెలల ఏరు మా పందిట్లోంచి వెళ్లింది. సూర్యుడి మాట దగ్గర ఆమె నవ్వింది. “సూరీడు మూడో అడుగు కాడుండడమేటి? నీకేటైనా గాలి సోకినాదా?” మా నాయన మాట దగ్గర నవ్వలేదు. “ఆ దినం నివ్వు ఏటీ తినకండా తొంగున్నావు. ఎందుకో ఇప్పుడు తెలిసినాది” అంది. నేను చదువుతూ ఉంటే ఆమె కళ్లు మూసుకుని, చేతులతో పని చేసుకుంటూ, ఏటి ఒడ్డున ఎక్కడో ఉన్నట్టు వింది.

ఏప్రిల్ 16 వచ్చింది. ‘ఎర్ర నీరు. నీటి నిండా ఇప్పపూలు. ఏరంతా తీపివాసన.’

కొత్త పుస్తకంలో రెండు అడుగులు వేయబోతున్నానని చెప్పాను. సూరమ్మ చేతులు ఆగాయి.

“ఆ వాసన పోక నాను బిందె నాలుగుమార్లు తోమినాను. నీళ్లు రాలేదని నివ్వు రాసేస్తే, నాను తోమిన బిందె ఏటవుతాది?”

“పని పోతాదే.”

“పోతే పోనీ. రాళ్లు కొట్టడానికి నాకూ సేతులున్నాయి.”

కొత్త రిజిస్టరు మూసేశాను.

మర్నాడు ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారు దిగగానే పాతదే ఇచ్చాను. నరసింగరావు గారి ముఖం పాలిపోయింది. ఇంజనీరు గారు ఒడ్డున బండ మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివారు. దిగువన ఇసుకలో ఉన్న కొంగ ఒకటి, ఒడ్డు వెంట లోతులేని నీళ్లలో అడుగులో అడుగు వేసుకుంటూ మా దగ్గరికి వచ్చేసేటంతసేపు చదివారు.

పదహారో తేదీ దగ్గర వేలు పెట్టారు. ఇక్కడ వాన పడిందా అని అడిగారు. లేదన్నాను. మరి నీరెక్కడిదన్నారు. పైన కొండల్లో గాలివాన పడి ఉంటుందని, చెట్ల కింద రాలిన పూలన్నీ ఆ నీరు ఊడ్చుకొచ్చిందని, మా దగ్గర అన్ని ఇప్పచెట్లు లేవని చెప్పాను. నువ్వు కాక ఇంకెవరైనా చూశారా అన్నారు.

ఆయన్ని దాటించడానికి నావ తెచ్చిన పోలయ్య వెనకనుంచి అందుకున్నాడు. “నిజమే బాబూ! నాను గంపెడు ఏరి ఎండబెట్టినాను.” అన్నాక అతనికి గుర్తొచ్చింది. అవి మద్యనిషేధం రోజులు, ఇప్పపూలతో సారా కాస్తారని అందరికీ తెలుసు. “కూరొండుకోడానికే బాబూ! మరేటికీ కాదు!” అన్నాడు.

“కూర బాగా ఎక్కిందా?” అని ఇంజనీరు గారు నవ్వారు. నీళ్లకు వచ్చిన సూరమ్మ బిందె చంకన పెట్టుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన నరసింగరావు గారిని దిగువ గేజీ కాగితం అడిగారు. అందులో నెలంతా రెండు, రెండు, రెండు. ఏరు నెల్లాళ్లపాటు ఊపిరి పీల్చకుండా పడుకుందా అని మాత్రం అన్నారు. నా నాలుగున్నర పక్కన సంతకం పెట్టారు. ఇకమీదట రిమార్కులు ఒక్క వరసకు మించకూడదని ఉత్తర్వు ఇచ్చి నావ ఎక్కారు. కొత్త రిజిస్టరు నరసింగరావు గారికి తిరిగి ఇచ్చేశాను. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. గేజీకి ఎప్పుడొచ్చినా ముందు చివరి గడే చదివేవారు.

మరుసటి ఏడు నన్ను పర్మనెంటు చేశారు. ఆ తర్వాత ఎన్నో గేజీలు చూశాను. నాకు తెలిసింది ఇది. అంకె ఇంట్లో కూర్చుని కూడా వేయవచ్చు. వాసన అక్కడికి వెళితేనే తెలుస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ముందు ఏరు చూడమని, తర్వాత పలక చూడమని చెప్పాను. కొందరు విన్నారు, కొందరు వినలేదు.

ఆ పూట ఒడ్డున ఉన్నవాళ్లు: ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారు, సూపర్‌వైజరు నరసింగరావు గారు, జీపు డ్రైవరు ఇబ్రహీం, నావ పోలయ్య, నా భార్య సూరమ్మ, గేజీ రీడరు అప్పలస్వామి అనే నేను.